పరీక్ష ఎవరికి, పాసయ్యేది ఎవరు? సెప్టిమా క్లార్క్ విప్పిన ఓటు ముడి

1916లో సెప్టిమా పాయిన్‌సెట్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి అమెరికాలో, సౌత్ కరోలినా తీరంలోని జాన్స్ ఐలాండ్ అనే దీవిలో టీచరుగా చేరింది. బడిలో 132 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఇద్దరికీ కలిపి నెలకు 60 డాలర్లు. రోడ్డుకు అటుపక్క తెల్లవాళ్ల పిల్లల బడి. అక్కడ చదివేది ముగ్గురు, చెప్పేది ఒకరు. ఆ ఒక్కరి జీతం 85 డాలర్లు.

అంత దూరం వెళ్లి ఆ దీవిలోనే ఎందుకు చేరింది అంటే, సొంతూరు చార్ల్‌స్టన్‌లో ఆమెకు ఉద్యోగం రాదు. అక్కడ నల్లజాతి పిల్లలకు ప్రభుత్వ బళ్లున్నా వాటిలో పాఠం చెప్పేది తెల్లవాళ్లే. నల్లజాతి టీచర్లను తీసుకునేవారు కాదు. ఆమె తండ్రి బానిసగా పుట్టినవాడు. ఆ తరం నుంచి ఒక ఆడపిల్ల టీచరు ట్రైనింగ్ దాకా రావడమే గొప్ప, అయినా ఊళ్లో ఆమెకు తలుపు మూసే ఉంది.

ఈ అమ్మాయే తర్వాత సెప్టిమా క్లార్క్. మార్టిన్ లూథర్ కింగ్ పేరు మనలో అందరికీ తెలుసు, రోజా పార్క్స్ పేరు చాలామందికి తెలుసు. క్లార్క్ పేరు విన్నవాళ్లు తక్కువ. 1955 వేసవిలో టెనెసీలోని హైలాండర్ అనే శిక్షణా కేంద్రంలో క్లార్క్ నడిపిన వర్క్‌షాపులో రోజా పార్క్స్ కూర్చుని విన్నారు. కొన్ని నెలలకే, డిసెంబర్ 1న, మాంట్‌గోమరీ బస్సులో తెల్ల ప్రయాణికుడికి సీటు ఇవ్వనని పార్క్స్ మొండికేయడం చరిత్రలోకి ఎక్కింది. ఆ వర్క్‌షాపు నడిపిన టీచరమ్మ మాత్రం ఎక్కలేదు. నా దృష్టిలో, జాతి వివక్ష ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే పెద్ద నాయకుల ప్రసంగాల కంటే ఈ టీచరమ్మ జీవితమే ఎక్కువ చెబుతుంది. కారణం ఏమిటంటే ఆమె పోరాడిన వివక్ష చాలావరకు చట్టం అక్షరాల్లో కనిపించదు.

చట్టంలో 'నల్ల' అన్న మాటే లేదు

అమెరికాలో నల్లజాతివాళ్లకు 1960ల దాకా ఓటు హక్కు లేదని మనం తేలిగ్గా అనేస్తుంటాం. నిజానికి కాగితం మీద ఉంది. జాతి, రంగు కారణంగా ఎవరి ఓటూ ఆపకూడదని 1870లోనే రాజ్యాంగానికి పదిహేనో సవరణ చేశారు. ఆడవాళ్లకు 1920లో వచ్చింది. మరి 1950ల్లో మిసిసిపీలోనో సౌత్ కరోలినాలోనో నల్లజాతి మనిషి ఓటేయలేకపోయింది ఎందుకు?

జాతి పేరు ఎత్తి ఆపడానికి వీల్లేదు కాబట్టి దక్షిణాది రాష్ట్రాలు వేరే దార్లు వెతికాయి. సౌత్ కరోలినా 1895 రాజ్యాంగంలో పెట్టిన నియమం చూడండి. ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలో ఏ భాగాన్నైనా చదివి రాయగలగాలి, లేదంటే 300 డాలర్ల ఆస్తి ఉండి దాని మీద పన్ను కట్టి ఉండాలి. ఇందులో రంగు ఊసే లేదు. చదువుకున్నవాళ్లు ఓటేయాలనడంలో తప్పేముంది అని ఎవరికైనా అనిపిస్తుంది కూడా.

తిరకాసు రెండు చోట్ల ఉంది. ఒకటి, ఆ పరీక్ష పెట్టే మనిషి. ఏ భాగం చదవమనాలో ఎంచుకునేది రిజిస్ట్రార్, అంటే ఓటర్లను నమోదు చేసే అధికారి, చదివింది సరిగ్గా ఉందో లేదో తేల్చేదీ రిజిస్ట్రారే. మిసిసిపీలో అయితే ఇంకో మెట్టు పైకెళ్లారు. రాష్ట్ర రాజ్యాంగంలో 285 సెక్షన్లుంటే, రిజిస్ట్రార్ తనకు నచ్చినది తీసి ఇచ్చి, దాని అర్థం తనకు తృప్తి కలిగేలా వివరించమనేవాడు. డిగ్రీలున్న నల్లజాతి టీచర్లు ఫెయిలయ్యేవారు. అక్షరం ముక్క రాని తెల్లవాళ్లు పాసయ్యేవారు. ఇవన్నీ తర్వాత కోర్టు రికార్డులకెక్కాయి.

రెండోది ఇంతకంటే లోతైనది, ఎక్కువమంది గమనించనిది కూడా. రిజిస్ట్రార్ దేవుడంత నిజాయతీపరుడే అనుకుందాం. అప్పుడైనా ఆ పరీక్ష సమానమా? పల్లెల్లో నల్లజాతి పిల్లలకు బడి ఏడాదిలో కొన్ని నెలలే ఉండేది, మిగతా కాలం పత్తి చేలల్లో పని. టీచర్ల సంగతి, జీతాల సంగతి పైన చూశాం. బడి సరిగ్గా పెట్టనిదీ ప్రభుత్వమే, చదువు రాలేదని ఓటు ఆపిందీ ప్రభుత్వమే. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చామని చెప్పుకుంటే సరిపోదని, ఆ పత్రం దాకా రావడానికి ఎవరికి ఏ దారి వేశారో కూడా చూడాలని జాతి సమన్యాయం గురించి మాట్లాడేవాళ్లు అంటున్నది ఇదే.

ఇక్కడ మన సంగతి ఒకటి గుర్తు చేసుకోవాలి. బ్రిటిష్ కాలంలో మనకూ ఆస్తి, చదువు ఉన్నవాళ్లకే ఓటు. స్వతంత్రం వచ్చాక ఆ షరతులన్నీ తీసేశారు. 1951-52 ఎన్నికల్లో చదవలేనివాళ్ల కోసం గుర్తులు పెట్టారు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు. ఓటరుకు చదువు రాకపోతే పద్ధతి మార్చుకోవాల్సింది ఎన్నికలు నడిపేవాళ్లే అనుకున్నారు. సరిగ్గా అదే ఏళ్లలో జాన్స్ ఐలాండ్‌లో ఓటరు కావాలంటే మనిషే మారాలి.

బస్సులో రాజ్యాంగం

ఆ దీవిలో ఈసా జెంకిన్స్ అని ఒకాయన ఉండేవాడు. రైతు, చిన్న వ్యాపారి. దీవి నుంచి చార్ల్‌స్టన్‌కు పనులకు వెళ్లేవాళ్లను తన బస్సులో తీసుకెళ్లేవాడు. పోతూ వస్తూ రాజ్యాంగంలోని భాగాలు చదివి వినిపించి ప్రయాణికుల చేత వల్లె వేయించేవాడు. ఆ ప్రయాణికుల్లో ఆలిస్ వైన్ ఒకరు. ఆమెకు చదవడం రాదు, జ్ఞాపకశక్తి మాత్రం అమోఘం. విని విని కంఠతా పట్టి, రిజిస్ట్రార్ ముందు కాగితం పట్టుకుని చదువుతున్నట్టే గడగడా అప్పజెప్పి ఓటరు అయిపోయింది. ఆ తర్వాత జెంకిన్స్‌తో, నాకు నిజంగా చదవడం నేర్పించండి, ఊరికే అప్పజెప్పడం కాదు అంది.

జెంకిన్స్ క్లార్క్‌కు పాత శిష్యుడు. ఆమె ద్వారా హైలాండర్‌కు వెళ్లి, మా దీవిలో పెద్దవాళ్లకు బడి కావాలని అడిగాడు. హైలాండర్ అప్పిచ్చిన సొమ్ముతో ఒక పాత బడి భవనం కొన్నారు. ముందు భాగంలో కిరాణా కొట్టు పెట్టారు. లాభం అప్పు తీర్చడానికి, కొట్టు మాత్రం తెల్లవాళ్ల కళ్లు కప్పడానికి. సరుకులకని వచ్చేపోయేవాళ్లు వెనక గదిలో ఏం చేస్తున్నారో ఎవరికీ అనుమానం రాదు. ఆ వెనక గదిలో 1957 జనవరి 7న మొదటి 'పౌరసత్వ పాఠశాల' మొదలైంది. వచ్చింది 14 మంది. పొలం పనులు తక్కువుండే చలికాలంలో వారానికి రెండు రాత్రులు క్లాసు.

ఆ క్లాసుకు టీచరుగా క్లార్క్ ఎవరిని పెట్టారో చూస్తే ఆమె తెలివి తెలుస్తుంది. బెర్నీస్ రాబిన్సన్ అనే బ్యూటీషియన్‌ను పెట్టారు, ఆమె క్లార్క్‌కు దగ్గరి బంధువు. నాకు టీచింగ్ రాదు మొర్రో అని రాబిన్సన్ మొత్తుకున్నా వినలేదు. టీచరుగా శిక్షణ పొందినవాళ్లు పెద్దవాళ్లను చిన్నపిల్లల్లా చూస్తారని, తప్పు చదివితే మొహం చిట్లిస్తారని క్లార్క్ భయం. రాబిన్సన్‌కు అయితే మనుషులు చెప్పేది వినడం అలవాటు.

మొదటి రాత్రి రాబిన్సన్ ప్రైమరీ స్కూలు పుస్తకాలు పట్టుకెళ్లింది. అరవై దాటినవాళ్ల ముందు అవి ఎంత ఎబ్బెట్టుగా ఉన్నాయో అక్కడే అర్థమై పక్కన పడేసింది. మీకేం కావాలో మీరే చెప్పండి అని అడిగింది. సంతకం చోట ఇంటూ మార్కు పెట్టే బాధ తప్పాలన్నారు. కేటలాగు చూసి సరుకులు తెప్పించుకునే ఫారం, మనీ ఆర్డర్ ఫారం నింపడం రావాలన్నారు. బైబిల్ చదవాలన్నారు. మిలిటరీలో ఉన్న కొడుకులు రాసే ఉత్తరాలు ఇంకొకళ్ల చేత చదివించుకోకుండా తామే చదువుకోవాలన్నారు. అదే సిలబస్ అయింది. అట్ట ముక్క మీద ఎవరి పేరు వాళ్లకు రాసిచ్చి, ఆ గీతల మీదే పెన్సిల్ తిప్పించేవారు. చెయ్యి అలవాటు పడేదాకా మళ్లీ మళ్లీ దిద్దడమే. ఆ తర్వాత ఓటరు నమోదు ఫారంలో ఉండే మాటలు, రాజ్యాంగంలో అడిగే భాగాలు.

ఈ పద్ధతి క్లార్క్‌కు అప్పటికప్పుడు తట్టింది కాదు. నలభై ఏళ్ల కిందట అదే దీవిలో పగలు పిల్లలకు, రాత్రి పెద్దవాళ్లకు చెప్పిన రోజుల్లో చేతికేది దొరికితే దానితో నేర్పారు. పిల్లలు చెప్పిన కథలను డ్రై క్లీనింగ్ బట్టల సంచుల మీద రాసి అవే చదివించేవారు. జాన్స్ ఐలాండ్ బడి సంగతి తెలిసి పక్క దీవులు వాడ్మలా, ఎడిస్టో, ఇంకా నార్త్ చార్ల్‌స్టన్ కూడా మాకూ కావాలన్నాయి.

జీతం ఇచ్చేవాడి చేతిలో జుట్టు

బ్యూటీషియన్‌ను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఈ మొత్తం కథకు తాళంచెవి ఇదే అని నేననుకుంటాను. రాబిన్సన్ దగ్గరికి వచ్చేవాళ్లంతా నల్లజాతి ఆడవాళ్లు. ఆమెకు కూడు పెట్టేది వాళ్లే. ఏ తెల్ల యజమానీ ఆమెను ఉద్యోగంలోంచి తీసేయలేడు. జెంకిన్స్ సంగతీ అంతే, బస్సు ఆయనది.

టీచర్లకు ఆ ధీమా లేదు. బళ్లలో విభజన రద్దు చేయాలని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక సౌత్ కరోలినా శాసనసభ 1956లో ఒక చట్టం తెచ్చింది. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీలో సభ్యులైనవాళ్లు ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హులు. ఇందులోనూ రంగు ప్రస్తావన లేదు, ఒక సంస్థ సభ్యత్వం గురించి మాత్రమే. ఎలోరీ అనే ఊళ్లో 21 మంది నల్లజాతి టీచర్లు సభ్యత్వం గురించి అడిగే ఫారం నింపం అన్నారు, ఉద్యోగాలు పోయాయి. అంతకుముందు క్లారెండన్ కౌంటీలో బడి సౌకర్యాల కోసం పిటిషన్ మీద సంతకం పెట్టిన హ్యారీ బ్రిగ్స్‌కు పెట్రోలు బంకులో పని పోయింది, ఆయన భార్యకు మోటెల్లో పని పోయింది. 1954 తీర్పులో కలిసిన కేసుల్లో ఒకటి ఆయన పేరు మీదిదే.

క్లార్క్ తన సభ్యత్వం దాచలేదు. దాదాపు నలభై ఏళ్ల సర్వీసు, వయసు 58. ఉద్యోగం పోయింది, పింఛనూ పోయింది. చట్టాన్ని ఎదిరిద్దాం రండని అంతకుముందు 726 మంది నల్లజాతి టీచర్లకు ఆమె ఉత్తరాలు రాశారు. జవాబిచ్చింది 26 మంది. సూపరింటెండెంట్ దగ్గరికి వస్తామన్నది 11 మంది, తీరా ఆ రోజు వచ్చింది ఐదుగురు. ఆమె సభ్యురాలైన మహిళా సంఘం సన్మానం పెట్టింది గానీ, ఫొటో దిగాల్సి వచ్చేసరికి పక్కన నిలబడడానికి ఎవరూ ముందుకు రాలేదు. వాళ్లను పిరికివాళ్లని తిట్టడం తేలిక. పిల్లల ఫీజులు, ఇంటి అప్పులు ఉన్నవాళ్లకు ఆ ఫొటో ఎంత టెన్షనో ఊహించుకుంటే నోరు పెగలదు.

జీతం విషయంలోనే ఇంకో ముచ్చట. 1940ల్లో సౌత్ కరోలినాలో నల్లజాతి టీచర్లకూ సమాన జీతం ఇవ్వాలని కోర్టుకెళ్లారు. చార్ల్‌స్టన్, కొలంబియా కేసులను వాదించిన లాయర్లలో తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్ ఒకరు. కొలంబియా కేసుకు పనిచేసినవాళ్లలో క్లార్క్ ఒకరు. గెలిచారు. గెలిచిన 1945లోనే రాష్ట్రం ఏం చేసిందంటే, ఇకపై టీచర్ల జీతం ఒక జాతీయ పరీక్షలో వచ్చే మార్కులను బట్టి ఉంటుందంది. మళ్లీ పరీక్షే! ఒక తలుపు కోర్టు తెరిస్తే ఇంకో తలుపుకు గొళ్లెం, పైగా ఆ గొళ్లెం మీద 'ప్రతిభ' అని రాసి ఉంటుంది.

హైలాండర్ నుంచి దక్షిణాది అంతటా

ఉద్యోగం పోయిన క్లార్క్‌ను హైలాండర్ పూర్తికాలం తీసుకుంది. 1959లో పోలీసులు ఆ కేంద్రం మీద దాడి చేసి ఆమెను అరెస్టు చేశారు. మద్యం ఉందన్నది నేరారోపణ. ఆమె మద్యం ముట్టని మనిషి. 1961లో హైలాండర్ అనుమతి రద్దయ్యింది. అప్పటికే ఈ బళ్ల కార్యక్రమాన్ని కింగ్ నాయకత్వంలోని హక్కుల సంస్థ ఎస్‌సీఎల్‌సీకి అప్పగించారు. జార్జియాలోని డార్చెస్టర్ కేంద్రంలో క్లార్క్, డొరతీ కాటన్, ఆండ్రూ యంగ్ కలిసి ఊరూరి నుంచి వచ్చినవాళ్లకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు తిరిగెళ్లి చర్చిల్లో, వంటిళ్లలో, బ్యూటీ పార్లర్లలో, చెట్ల కింద బళ్లు పెట్టారు. తర్వాత అట్లాంటా మేయరైన యంగ్, మొత్తం హక్కుల ఉద్యమానికి పునాది ఈ బళ్లే అన్నారు.

పునాది వేసిన మనిషికి లోపల దక్కిన మర్యాద అంతంతే. కార్యవర్గంలో ఈమె ఎందుకని కింగ్ సహచరుడు రాల్ఫ్ అబెర్నాతీ పదేపదే అడిగేవాడని ఆమే చెప్పారు. అన్ని ఊరేగింపులకూ మీరే ముందుండకండి, ఊళ్లలో వేరే నాయకుల్ని తయారు చేయండి అని ఆమె కింగ్‌కు ఉత్తరం రాస్తే, ఆయన అది సిబ్బందికి చదివి వినిపించాడు, అందరూ నవ్వారు. ఆ కింగే 1964లో నోబెల్ శాంతి బహుమతి తీసుకోవడానికి ఓస్లో వెళ్తూ ఆమెను వెంట తీసుకెళ్లాడు. రెండూ నిజాలే. జాతి వివక్ష మీద పోరాడే మగవాళ్లకు ఆడవాళ్ల విషయంలో కళ్లు తెరుచుకోవడానికి ఇంకా టైం పట్టింది.

దొంగ పరీక్షకు ట్యూషనా?

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది. పరీక్షే అన్యాయమైనప్పుడు దానికి ప్రిపేర్ చేయించడం అంటే ఆ అన్యాయాన్ని ఒప్పుకున్నట్టు కాదా? రిజిస్ట్రార్ కావాలని ఫెయిల్ చేస్తుంటే అక్షరాలు నేర్పి లాభమేమిటి?

ఆ మాటలో బలం ఉంది. మిసిసిపీ లెక్కే సాక్ష్యం. 1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చేనాటికి ఆ రాష్ట్రంలో ఓటు వయసున్న నల్లజాతివాళ్లలో నమోదైంది 6.7 శాతం. రెండేళ్లు తిరిగేసరికి 59.8 శాతం. ఆ రెండేళ్లలో అంతమంది కొత్తగా చదువు నేర్చుకోలేదు, చట్టం అక్షరాస్యత పరీక్షలను ఆపింది, అంతే. మొండికేసిన చోట్లకు కేంద్రం తన అధికారులను పంపింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల రూల్స్ మార్చాలంటే ముందే కేంద్రం అనుమతి తీసుకోవాలంది. అంటే నాకు అన్యాయం జరిగిందని ఓటరు నిరూపించుకునే బదులు, ఈ రూలు వల్ల అన్యాయం జరగదని రాష్ట్రమే నిరూపించాలి. బరువు ఇటు నుంచి అటు మారింది.

అయినా క్లార్క్ బళ్లు వృథా అనలేం. మార్చింది చట్టమే, కానీ ఆ చట్టం వచ్చేలా రిజిస్ట్రార్ ఆఫీసుల ముందు క్యూ కట్టి, ఫెయిలై, మళ్లీ వెళ్లి, కోర్టుల్లో సాక్ష్యం చెప్పినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? వాళ్లలో చాలామందికి మొదటి ధైర్యం ఆ వెనక గదుల్లోనే పుట్టింది. పైగా మనీ ఆర్డర్ ఫారం నింపుకోవడం, కొడుకు ఉత్తరం చదువుకోవడం ఏ రిజిస్ట్రారూ ఫెయిల్ చేయలేని పాఠాలు.

క్లార్క్ 1975లో చార్ల్‌స్టన్ స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యారు. ఆ మరుసటి ఏడు రాష్ట్ర గవర్నర్ ఆమెను తీసేయడం అన్యాయమని ఒప్పుకుని పింఛను పునరుద్ధరించాడు. 1987 డిసెంబర్ 15న, 89 ఏళ్ల వయసులో, జాన్స్ ఐలాండ్‌లోనే కన్నుమూశారు.

మనకేం సంబంధం

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు సంబంధం నేరుగానే ఉంది. భారతీయులు చట్టం దృష్టిలో 'తెల్లవాళ్లు' కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో ఆ తలుపు తెరిచినా భారత్‌కు ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. దేశాలవారీ ఆ కోటాలను ఎత్తేసిన వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టింది 1965 అక్టోబర్ 3న, ఓటు హక్కుల చట్టం వచ్చిన రెండు నెలలకే. జాతిని బట్టి మనుషుల్ని ఏరడం సిగ్గుచేటు అన్న వాతావరణాన్ని తెచ్చింది హక్కుల ఉద్యమమే. మన డాక్టర్లు, ఇంజినీర్లు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ పిల్లలు వెళ్లింది ఆ దారిలోనే. మేం కష్టపడి పైకొచ్చాం, నల్లజాతివాళ్లెందుకు రాలేకపోయారు అని అక్కడి పార్టీల్లో మాట్లాడే మనవాళ్లకు ఈ రెండు తేదీలు ఎవరైనా చెబితే బాగుణ్ణు.

పిల్లల దగ్గరికెళ్లి గ్రీన్ కార్డు, ఆ తర్వాత పౌరసత్వం తీసుకునే మన పెద్దవాళ్లూ ఒక పరీక్ష రాస్తారు. ఇంగ్లిష్‌లో చదవాలి, రాయాలి, ప్రభుత్వం గురించి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. కానీ ఆ ప్రశ్నలు ముందే వెబ్‌సైట్లో ఉంటాయి, ఫెయిలైతే రెండో అవకాశం ఉంటుంది, వయసు పైబడి చాలా ఏళ్లుగా అక్కడే ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ నుంచి మినహాయింపు ఉంటుంది. మనిషి పాసవ్వాలని పెట్టిన పరీక్షకూ, ఫెయిలవ్వాలని పెట్టిన పరీక్షకూ తేడా తెలుసుకోవాలంటే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఓటు హక్కుల చట్టంలోని ముందస్తు అనుమతి ఏయే రాష్ట్రాలకు వర్తించాలో తేల్చే సూత్రం పాతబడిపోయిందని సుప్రీంకోర్టు 2013లో షెల్బీ కౌంటీ కేసులో కొట్టేసింది. దాంతో ముందే నిరూపించాల్సిన బరువు రాష్ట్రాల మీద నుంచి దిగిపోయింది. ఆ వెంటనే నార్త్ కరోలినా ఓటరు గుర్తింపు కార్డుల మీద, ముందస్తు ఓటింగ్ రోజుల మీద కొత్త చట్టం చేసింది. ఏ కార్డు చెల్లుతుంది, ఎన్ని రోజులు ఓటేయొచ్చు, ఇవే అందులో ఉన్నవి, జాతి గురించి ఒక్క మాట లేదు. దాన్ని 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. ఏ జాతివాళ్లు ఏ పద్ధతిలో ఎక్కువగా ఓటేస్తున్నారో శాసనసభ్యులు ముందుగా డేటా తెప్పించుకున్నారని, నల్లజాతి ఓటర్లు వాడే పద్ధతులనే సర్జన్ కత్తి పెట్టినంత కచ్చితంగా గురిచూసి కోశారని తీర్పులో రాసింది. అక్కడ ఓటరు కార్డుల గొడవ ఆ తీర్పుతో ఆగలేదు, ఇంకో చట్టం చేశారు, దాని మీద ఇంకో కేసు వేశారు.